పల్లె వ్యాయామశాలకు 15 కిలోల బార్ సెట్టు: ఏం బాగుంది, ఏం సరిచేసుకోవాలి

ముందుగా తీర్పు. మేరఠ్ వైపు నుంచి లారీ పార్సిల్లో మన జిల్లాలకు వచ్చే శిక్షణ రకం వెయిట్‌లిఫ్టింగ్ సెట్టు కొనదగ్గ సరుకే. అందులో 15 కిలోల మహిళల బార్, 100 కిలోల రబ్బరు ప్లేట్లు, కొన్ని ఇనప చిన్న ప్లేట్లు, ప్లేట్లు జారకుండా బిగించే రెండు లాకులు ఉంటాయి. ఒక హైస్కూలుకో, యువజన సంఘానికో, పంచాయతీ వ్యాయామశాలకో మొదటి సెట్టుగా ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. అయితే పార్సిల్ విప్పిన రోజే పిల్లల చేతికి ఇచ్చేస్తే సగం ప్రయోజనం పోతుంది. అర కిలో ప్లేట్లు విడిగా చేయించుకోవాలి. ప్రతి ప్లేటునూ కాటా మీద తూచి అసలు బరువు దాని మీదే రాయాలి. బార్ సంరక్షణ ఒక మనిషికి అప్పజెప్పాలి. ఈ మూడూ చేస్తే ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను, చెయ్యకపోతే రెండే. ఒకే రకం సరుకు వేరువేరు స్టిక్కర్లతో అమ్ముడవుతుంది కాబట్టి ఇక్కడ పేరు రాయలేదు. కొనేవాళ్ళు చూడాల్సింది కొలతలు.

ఈ సరుకు గురించి ఇంత వివరంగా రాయడానికి కారణముంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక అమ్మాయి మెడల్ తెస్తే కొందరు "పెట్టి పుట్టింది" అంటారు, కొందరు "ఒళ్ళు వంచింది, వచ్చింది" అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. మధ్యలో ఉన్న ఇనుము సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆమదాలవలస దగ్గర వూసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమె పుట్టింది 1975లో. ఆడవాళ్ళకు తొలి ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు జరిగింది 1987లో, అంటే ఆమెకు 12 ఏళ్ళప్పుడు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు ఈ ఆటలో చోటు దొరికింది 2000లోనే. పదిహేనేళ్ళు ముందు పుట్టి ఉంటే అదే బలం, అదే పట్టుదల ఉన్నా ఆ వయసుకి ఎక్కడానికి వేదికే లేదు. అది అదృష్టం వాటా. దగ్గరలో బార్ ఉండటం, నేర్పడానికి నీలంశెట్టి అప్పన్న గారి లాంటి గురువు దొరకడం అవకాశం వాటా. 1994, 1995లలో 54 కిలోల ఒంటి బరువు విభాగంలో ప్రపంచ చాంపియన్‌గా నిలబెట్టిన ఏళ్ళ సాధన ఆమె కష్టం. ఈ మూడింటిలో ఊరు డబ్బు పెట్టి తెచ్చుకోగలిగేది మధ్యదొక్కటే.

నెల్లిమర్ల మండలం కొండవెలగాడను చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా దానికి పేరు. పక్క ఊరి పిల్లలు తక్కువ కష్టపడతారని కాదు, అక్కడి నీళ్ళలో ఏదో ఉందనీ కాదు. ఆ ఊళ్ళో బార్ ఉంది, దాన్ని ఎలా ఎత్తాలో తెలిసిన పెద్దవాళ్ళున్నారు, చిన్నపిల్లలు వాళ్ళను చూస్తూ పెరుగుతారు. మిగతా ఊళ్ళకు ఆ మొదటి మెట్టు ఈ సెట్టు. కాబట్టి దీన్ని బలం పెంచే సామానుగా మాత్రమే కాకుండా, పిల్ల పడ్డ కష్టాన్ని నిజాయితీగా లెక్కగట్టే సాధనంగా కూడా పరీక్షించాలి.

మొదట బార్ మందం చూద్దాం. మహిళల బార్ పట్టుకునే చోట 25 మి.మీ., పొడవు 2.01 మీటర్లు. పురుషుల బార్ 28 మి.మీ., 2.2 మీటర్లు, 20 కిలోలు. మూడు మిల్లీమీటర్ల తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపులో తల మీదకు ఎత్తడం), క్లీన్ (నేల నుంచి భుజాల మీదకు ఎత్తడం) రెండింటిలోనూ బొటనవేలు బార్‌కి ఆనించి, దాని మీద చూపుడువేలు, మధ్యవేలు బిగించే హుక్ గ్రిప్ వాడతారు. పన్నెండేళ్ళ అమ్మాయి వేళ్ళు 28 మి.మీ. చుట్టూ తిరిగొచ్చి బొటనవేలిని నొక్కలేవు. 30 మి.మీ. ఉండే మామూలు జిమ్ రాడ్ అయితే అసలే కుదరదు. కాళ్ళలో, నడుములో బలమున్నా బార్ మోకాలు దాటగానే చేతిలోంచి జారుతుంది. చూసేవాళ్ళు "ఈ పిల్లకి పట్టు లేదు, పనికిరాదు" అని తేల్చేస్తారు. ఆ పిల్లలో లోపమేమీ లేదు, ఆమెకిచ్చిన ఇనుము లావు. ఒక పిల్ల ఆట అక్కడితో ఆగిపోతే దాన్ని తలరాత అని సరిపెట్టుకోవడం అన్యాయం.

ఈ సెట్టులో బార్ మందం సాధారణంగా సరిగానే వస్తుంది. అయినా కొలవాలి. లేత్ వర్క్‌షాపులో మందం కొలిచే వెర్నియర్ ఉంటుంది. అదీ దొరక్కపోతే గట్టి నూలు దారం బార్ చుట్టూ ఒక్క చుట్టు తిప్పి స్కేలు మీద పెట్టండి. 7.8, 7.9 సెం.మీ. వస్తే 25 మి.మీ. బార్, 8.8 వస్తే 28, 9.4 వస్తే 30. దారం నున్నటి చోట చుట్టాలి, గరుకు గీతలున్న చోట చుడితే కొలత కాస్త పెరుగుతుంది. మహిళల బార్‌కి నడిమధ్య గరుకు ఉండకూడదు. ఉంటే క్లీన్ చేసినప్పుడు గొంతు దగ్గర చర్మం గీసుకుపోతుంది.

ఇక చిన్న ప్లేట్లు. ఈ సెట్టులో పెద్ద లోటు ఇదే, కొనేవాళ్ళు పట్టించుకోనిదీ ఇదే. 100 కిలోల రబ్బరు అంటే 20, 15, 10, 5 కిలోల జతలు ఒక్కొక్కటి. వాటితో పాటు 2.5, 1.25 కిలోల ఇనప జతలు వస్తాయి. అంటే బార్ మీద పెంచగలిగే కనీస బరువు రెండు పక్కలా కలిపి 2.5 కిలోలు. 100 కిలోలు ఎత్తే మనిషికి అది నూటికి రెండున్నర వంతు. 30 కిలోల స్నాచ్ చేసే ఏడో తరగతి అమ్మాయికి అదే 2.5 కిలోలు నూటికి ఎనిమిది వంతులు దాటుతుంది. వారమంతా 30 శుభ్రంగా ఎత్తి, 32.5 పెట్టగానే పడేస్తుంది. మళ్ళీ 30, మళ్ళీ 32.5, మళ్ళీ పడేస్తుంది. ఆ మధ్యలో ఆమెకు 31 ఎత్తే బలం వచ్చినా, 32 వచ్చినా బార్ ఆ సంగతి చెప్పదు. పడ్డ కష్టం కంటికి కనపడనప్పుడు పిల్లలు మానేస్తారు. పోనీ ఒకరోజు ఊపులో 32.5 లేస్తే "ఇవాళ కలిసొచ్చింది" అనుకుంటారు. రెండూ తప్పుడు పాఠాలే. ఒక్కో కిలో పెంచే వీలుంటే 30 నుంచి 31కి పెరుగుదల నూటికి మూడు వంతుల చిల్లర. అది ఒంటికి అందేంత చిన్న మెట్టు.

పోటీల్లోనూ ఇప్పుడు కిలో చొప్పునే పెంచుతారు. 2005కి ముందు 2.5 కిలోల మెట్లుండేవి, తర్వాత ఒక కిలో అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మీరాబాయి చాను రెండు లిఫ్టులూ కలిపి 199 కిలోలతో నాలుగో స్థానంలో ఆగిపోయింది, కాంస్యం 200కి వెళ్ళింది. పెద్ద పోటీ ఒక్క కిలోతో తేలుతుంటే ఊళ్ళో సాధన రెండున్నర కిలోల మెట్ల మీద సాగడం సబబు కాదు.

అర కిలో ప్లేట్లు విడిగా కొనొచ్చు, కానీ ఏ లేత్ వర్క్‌షాపులోనైనా చేయించుకోవచ్చు. 6 మి.మీ. మందం ఇనప ప్లేటులో 127 మి.మీ. వ్యాసంతో బిళ్ళ కోసి, నడుమ 51 మి.మీ. రంధ్రం వేస్తే దాదాపు సరిగ్గా అర కిలో తూగుతుంది. ఒక కిలోకి 10 మి.మీ. ప్లేటు, 137 మి.మీ. వ్యాసం, రంధ్రం అదే. బార్ చివర ప్లేట్లు ఎక్కించే గొట్టం, అంటే స్లీవ్, 50 మి.మీ. కాబట్టి రంధ్రం ఒక మిల్లీమీటరు ఎక్కువుంటే చాలు, అంతకు మించితే ప్లేటు గలగలలాడుతుంది. బజారులో దొరికే ఇనుము మందం కొంచెం అటూఇటూ ఉంటుంది గనక, వ్యాసం ఒక మిల్లీమీటరు ఎక్కువే కోయించి, తూస్తూ అంచు అరగదీయించండి. అర కిలోవి రెండు జతలు, కిలోది ఒక జత ఉంటే 1, 2, 3, 4 కిలోల పెంపులన్నీ కుదురుతాయి, ఐదుకి సెట్టులోని 2.5 జత ఉంది. అంచులు నునుపు చేయించడం, రంగు వేయించడం మరవకండి. ఒకే సైజులో కనిపించే బిళ్ళలు కలిసిపోకుండా అర కిలోకి తెలుపు, కిలోకి ఆకుపచ్చ రంగు వేస్తే అంతర్జాతీయ పోటీల రంగులతో కూడా సరిపోతుంది. పెద్ద ప్లేట్లలో 25 ఎరుపు, 20 నీలం, 15 పసుపు, 10 ఆకుపచ్చ. ఈ సెట్టులో రబ్బరంతా నలుపే వస్తుంది. అంచు మీద రంగు గీత గీస్తే పిల్లలు దూరం నుంచే బరువు లెక్క కట్టడం నేర్చుకుంటారు.

బరువు ఎప్పుడు పెంచాలన్నదానికి కూడా ఒక పద్ధతి పెట్టుకోండి. రెండేసి లిఫ్టుల విడతలు (సెట్లు) ఐదు, ఒక్కటీ పడకుండా, మోచేతులు వంగకుండా, వరసగా రెండు సాధనల్లో పూర్తయితేనే కిలో పెంచాలి. ఈ నియమం గోడ మీద రాసి ఉంటే ఎవరి పిల్లకి ముందు పెంచారన్న పేచీ రాదు.

తర్వాత తూకం. శిక్షణ రకం రబ్బరు ప్లేట్ల మీద అచ్చయిన అంకెకీ అసలు బరువుకీ వంద నుంచి మూడు వందల గ్రాముల తేడా ఉండటం మామూలే. పోటీ ప్లేట్లలో 20 కిలోలదానికి ఎక్కువైతే 20 గ్రాములు, తక్కువైతే 10 గ్రాముల వరకే ఒప్పుకుంటారు. ధరలో తేడా చాలావరకు అక్కడినుంచే వస్తుంది. మొదటి సెట్టుకి పోటీ రకం అక్కర్లేదు, తేడా తెలిస్తే చాలు. బియ్యం కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటా మీద ఒక్కో ప్లేటు, బార్, లాకులు విడివిడిగా తూచి, తెల్ల పెయింటుతో అసలు బరువు గ్రాములతో సహా రాయండి. ఇంట్లో ఒళ్ళు తూచుకునే మిషన్ ఈ పనికి రాదు.

తూచకపోతే ఏమవుతుందో చూడండి. నాలుగు ప్లేట్లు తలా 300 గ్రాములు తక్కువుంటే, బార్ మీద 80 అని లెక్క పెట్టుకున్నది నిజానికి 78.8. జిల్లా పోటీలో సరైన ప్లేట్లతో 80 పెట్టగానే "రోజూ ఎత్తేదే, ఇవాళ ఎందుకు బరువుగా ఉంది?" అని పిల్ల మనసు చెదిరిపోతుంది. బయటివాళ్ళకి అది టెన్షన్‌లా కనిపిస్తుంది. ఇంకా చెడ్డది ఏమిటంటే రెండు పక్కలా సమానం కాని జత. ఒకవైపు 15.2, ఇంకోవైపు 14.8 ఉంటే తల మీదకు ఎత్తినప్పుడు బార్ ఒక పక్కకు తిరుగుతుంది, ఒక భుజమే రోజూ సర్దుకుంటుంది. కాబట్టి 100 కిలోలకు మించి కొంటున్నప్పుడు ఒకే అంకె ఉన్న ప్లేట్లలో దగ్గర బరువున్నవాటిని జత కట్టి, జతలకు ఒకే గుర్తు పెట్టండి.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే. పెద్ద ప్లేట్ల వ్యాసం 450 మి.మీ., అంటే బార్ నేల నుంచి 225 మి.మీ. ఎత్తులో మొదలవుతుంది. ఈ సెట్టులో 5 కిలోల జత కొన్నిసార్లు చిన్న వ్యాసంతో వస్తుంది. దాంతో మొదలుపెట్టే పిల్ల నడుము మరీ వంచి, తప్పుడు భంగిమలో లాగడం నేర్చుకుంటుంది. ఆర్డరులో "5 కిలోలు కూడా 450 వ్యాసం" అని రాయించండి. అలా రాకపోతే 18 మి.మీ. ప్లైవుడ్‌లో 450 మి.మీ. చక్రాలు కోసుకోండి, ఒక్కోటి రెండు కిలోల లోపే ఉంటుంది, తూచి రాసుకోండి. పూర్తి వ్యాసం ఉన్న 5 కిలోల రబ్బరు ప్లేటు పలచగా ఉంటుంది. అదొక్కటే వేసి తల మీదనుంచి వదిలేస్తే వంకర పోతుంది. 25 కిలోల వరకు చేత్తోనే కిందికి దించాలని పిల్లలకు మొదటిరోజే చెప్పాలి.

స్లీవ్ తిరగడం ఈ సెట్టులో బాగున్న విషయం. లోపల బేరింగుల బదులు కంచు బుష్‌లు వేసే రకం ఇది. పల్లెకి అదే మేలు, దుమ్ముకి తట్టుకుంటుంది. బార్‌ను స్టాండు మీద పెట్టి ఖాళీ స్లీవ్‌ను చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు తిరిగి ఆగాలి, రెండు పక్కలా ఇంచుమించు ఒకేలా. ఒక్క చుట్టూ తిరక్కుండా ఆగితే స్నాచ్‌లో మణికట్టు తిరిగే క్షణానికి ప్లేట్లు తిరగవు, ఆ మెలి అంతా మణికట్టుకీ మోచేతికీ ఎక్కుతుంది. కొత్త బార్ బిగుసుకుని ఉంటే చాలాసార్లు లోపల గడ్డకట్టిన గ్రీజే కారణం.

మన దగ్గర బార్‌కి అసలు శత్రువు ఉప్పుగాలి. భోగాపురం నుంచి కళింగపట్నం దాటి పలాస దాకా సముద్రం దగ్గర ఊళ్ళలో తుప్పు తొందరగా ఎక్కుతుంది. చేతులకు రాసుకునే మెగ్నీషియం పొడి గరుకు గీతల్లో పేరుకుని, చెమటను, తేమను పట్టి ఉంచి ఇనుమును తినేస్తుంది. రోజూ సాధన అయ్యాక పొడి గుడ్డతో తుడవాలి. వారానికోసారి గట్టి నైలాన్ బ్రష్‌తో గీతల్లోని పొడి దులిపి, కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు గుడ్డ మీద వేసి బార్ పొడవునా పూసి, మళ్ళీ పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. ఇనప తీగల బ్రష్ వాడితే పైపూత లేచిపోతుంది. కొబ్బరినూనె పూయొద్దు. నెలకోసారి స్లీవ్ బార్‌ని కలిసే సందులో రెండు చుక్కలు వేసి ఆ పక్క కిందికి ఉండేలా ఒక రాత్రి నిలబెట్టి, మర్నాడు రెండోపక్క అలాగే చెయ్యాలి. మిగతా రోజుల్లో బార్ గోడకు ఆనించి నిలబెట్టకూడదు, ప్లేట్లు తీసేసి రెండు కొక్కేల మీద పడుకోబెట్టాలి. ఇదంతా వారానికి పావుగంట పని. ఎవరి పనీ కాకపోతే రెండు వానాకాలాల్లో బార్ పాడవుతుంది.

కింద వేదిక లేకుండా ఈ సెట్టు వాడొద్దు. ఉత్త సిమెంటు మీద వదిలితే ప్లేటు నడుమ ఉన్న ఇనప రింగు వదులవుతుంది, నేలా పగులుతుంది. 8 అడుగుల చదరం చాలు. 8×4 ప్లైవుడ్ షీట్లు 18 మి.మీ.వి ఐదు కావాలి. రెండు కింద పక్కపక్కన, రెండు వాటికి అడ్డంగా పైన, ఐదోది నడిమధ్య కాళ్ళు పెట్టేచోట. రెండు పక్కలా మిగిలిన రెండేసి అడుగుల్లో 20 మి.మీ. రబ్బరు చాపలు. కింద వరసకి చెదల మందు పూయించండి.

ఇప్పుడు సెట్టు ఎందరికి సరిపోతుందన్న లెక్క. ప్లేట్లు మార్చడంతో కలిపి ఒక సెట్ ఎత్తడానికి దాదాపు 36 సెకన్లు అనుకుంటే, గంటన్నరలో 150 సెట్లు. ఐదుగురుంటే తలా 30 సెట్లు, సాధనకు అది చాలు. పదిహేను మంది వస్తే తలా పది, వేడెక్కడానికే సరిపోతుంది. ఇక్కడే అవకాశం చేతులు మారుతుంది. ముందొచ్చినవాళ్ళు, పెద్దవాళ్ళు, గది తాళంచెవి ఎవరి ఇంట్లో ఉందో వాళ్ళ పిల్లలు బార్ దగ్గర నిలబడతారు. వెనక వీధి అమ్మాయి గోడ పక్కన నిలబడి చూసి వెళ్ళిపోతుంది, కొన్నాళ్ళకు రావడం మానేస్తుంది. దాన్ని ఆసక్తి లేకపోవడంగా లెక్కేస్తారు. కొనేముందే పంచాయతీ తీర్మానంలోనో స్కూలు రిజిస్టరులోనో వంతులు రాయండి: ఒక బార్‌కి ఐదుగురు, ఉదయం ఒక జట్టు, సాయంత్రం ఒకటి, తాళంచెవులు రెండు, వాటిలో ఒకటి ఆడవాళ్ళ దగ్గర. వంతు కోసం ఆగే పిల్లలకు 25 మి.మీ. పీవీసీ పైపు ముక్కలివ్వండి. ఆరు మీటర్ల పైపు కోస్తే రెండేసి మీటర్ల కర్రలు మూడొస్తాయి. మందం బార్‌తో సమానం కాబట్టి పట్టు, భుజాల తిప్పు, కింద కూర్చోవడం అన్నీ దాంతోనే అలవాటవుతాయి. సెట్టు మొత్తంలో అతి చవకైన వస్తువు ఇదే, మొదటి రెండు నెలలు అన్నిటికంటే ఎక్కువ పనిచేసేదీ ఇదే.

ఎంత మంచి సెట్టు తెచ్చినా కొన్ని దాని చేతిలో ఉండవు, ఆ సంగతి పిల్లలకూ తల్లిదండ్రులకూ ముందే చెప్పాలి. సిడ్నీలో 69 కిలోల విభాగంలో చైనా లిఫ్టర్, హంగరీ లిఫ్టర్ ఇద్దరూ 242.5 కిలోలు ఎత్తారు. చైనా అమ్మాయి ఒంటి బరువు తక్కువ కావడంతో స్వర్ణం ఆమెకు వెళ్ళింది. మల్లీశ్వరి స్నాచ్‌లో 110, జర్క్‌లో (క్లీన్ చేసి భుజాల నుంచి తల మీదకు ఎత్తడం) 130, మొత్తం 240తో మూడో స్థానంలో నిలిచింది. చివరి ప్రయత్నంలో పెట్టిన 137.5 లేచి ఉంటే ముగ్గురిలో ఆమే ముందుండేది. తర్వాతి కాలంలో సమానమైనప్పుడు ఒంటి బరువు చూసే నియమం పోయి, ఆ మొత్తాన్ని ముందు చేరినవారికే పై స్థానం ఇస్తున్నారు. ఆమె గెలిచిన 69 కిలోల విభాగమే 2018లో రద్దయి, 2025లో మళ్ళీ వచ్చింది. విభాగాలు మారిన ఏడు ఒక అమ్మాయి ఒంటి బరువు రెండింటి మధ్య ఇరుక్కుంటే అది ఆమె తప్పు కాదు. అందుకే ఎదిగే వయసు పిల్లల్ని ఏదో విభాగం కోసం కడుపు మాడ్చొద్దు. బరువు చూసే సమయం పోటీకి రెండు గంటల ముందు మొదలై గంటసేపు ఉంటుంది. అంతలో నీరసం తీరదు.

కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్‌గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొదట కాంస్యం అందుకుంది. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరకడంతో సంతోషి రజతానికి ఎదిగింది, నాలుగో స్థానంలో ఉన్న స్వాతి సింగ్ కాంస్యానికి వచ్చింది. బయటినుంచి చూస్తే కలిసొచ్చినట్టుంటుంది. కానీ ఆ రోజు శుభ్రమైన ఒంటితో మూడో స్థానంలో నిలబడి ఉండటం ఎవరో ఇచ్చింది కాదు. ఇదే నియమం రెండోవైపు కూడా కోస్తుంది. ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే ఎలా వచ్చిందన్నది కాదు, ముందు బాధ్యత ఆటగాడిదే. కాబట్టి సెట్టుతో పాటు "బలం పొడి" డబ్బాలు అంటగట్టే దుకాణం ఉంటే వద్దనండి. గుడ్లు, పప్పు, పాలు, చేపలు, వేరుశనగ దొరికే ఊళ్ళో పన్నెండేళ్ళ పిల్లకి డబ్బా పొడి అవసరం లేదు. బరువు తగ్గడానికి మూత్రం మాత్రలు మింగించడం మరీ ప్రమాదం. ఒంటికి చేటు, పైగా నిషేధం.

అదృష్టం వాటాను పోటీ రోజున కొంత తగ్గించుకోవచ్చు. స్నాచ్‌లో మూడు, జర్క్‌లో మూడు ప్రయత్నాలు. ఈ రెండింటిలో ఏ ఒక్కదానిలో మూడూ పోయినా మొత్తం లెక్కకే రాదు. 2016 రియోలో మీరాబాయికి జర్క్‌లో మూడూ పోయాయి, అదే లిఫ్టర్ తర్వాత ప్రపంచ చాంపియన్ అయింది, టోక్యోలో రజతం తెచ్చింది. మొదటి ప్రయత్నం సాధనలో ఎప్పుడు పెట్టినా లేచే బరువే ఉండాలి, అత్యుత్తమానికి నూటికి తొంభై దగ్గర. ఆ "ఎప్పుడు పెట్టినా" అన్న మాట నమ్మాలంటే గోడ మీది రాత, తూచిన ప్లేట్లు, అర కిలో బిళ్ళలు ఉండాలి. పిలిచాక ఒక నిమిషమే గడువు, తనే వరసగా ఎత్తాల్సొస్తే రెండు నిమిషాలు. ఊళ్ళో సాధనలోనే సెల్‌ఫోన్ గడియారం పెట్టి ఇది అలవాటు చెయ్యండి.

ఎవరు కొనకూడదు? నేర్పే మనిషి లేని ఊరు. నేర్పే మనిషంటే పతకాలున్నవాళ్ళే కానక్కర్లేదు. వారానికి రెండు మూడు రోజులు వచ్చి, పిల్ల నడుము వంగితే ఆపి, బరువు తగ్గించగల ధైర్యమున్న పాత లిఫ్టరో, వ్యాయామ ఉపాధ్యాయులో ఉంటే చాలు. అలాంటివాళ్ళు దొరికేదాకా పైపులు, ఖాళీ చేతుల కసరత్తులే మేలు, డబ్బు బ్యాంకులో ఉంచండి. మగపిల్లలకు మాత్రమే కొనేవాళ్ళు 20 కిలోల బార్ రకం చూసుకోవాలి. కండలు పెంచే జిమ్ నడిపేవాళ్ళకూ ఇది తగదు, బెంచీ మీద పడేస్తే ఈ బార్ వంగిపోతుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు ధరను సెట్టు లెక్కన అడక్కండి, ప్లేట్లది కిలో లెక్కన, బార్‌ది విడిగా, పన్ను, లారీ ఖర్చు విడివిడిగా రాయించండి. అప్పుడే ఇద్దరు అమ్మకందారుల్ని పోల్చగలరు. కాగితం మీద ఉండాల్సినవి: బార్ 15 కిలోలు, పట్టు 25 మి.మీ., స్లీవ్ 50 మి.మీ., కంచు బుష్, నడుమ గరుకు లేనిది, రబ్బరు ప్లేట్లన్నీ 450 వ్యాసం, తూకంలో తేడా నూటికి ఒకటికి మించితే మార్చి ఇవ్వాలి. ఈ ఆఖరి షరతుకు ఒప్పుకోని అమ్మకందారుని వదిలెయ్యండి. పార్సిల్ ఆఫీసులోనే బార్ కట్టు విప్పి, రెండు బల్లల మీద పెట్టి నెమ్మదిగా దొర్లిస్తూ చివరల్ని చూడండి. చివర పైకీ కిందికీ ఊగితే దారిలో వంగిందన్నమాట. అక్కడే ఫొటో తీసి, రసీదు మీద ఆ సంగతి రాసి, అప్పుడు సంతకం పెట్టండి.